కరవుపనియు క్రీడాస్థలమును: జమ్మికుంట ప్రాంతమును గూర్చిన చారిత్రక పరిశీలనము

ఉత్తర తెలంగాణమునందలి పల్లెలలో ఉపాధిహామీ పనికి ప్రజలు పెట్టుకొన్న పేరు ‘కరువు పని’. 2005 నాటి చట్టము ప్రకారము ఆ పని పొందుటకు వానలు కురియకపోవలెనను నిబంధన లేదు. పంట బాగుగ పండిన యేటను ఆ పని దొరకినది. అయినను కరీంనగరము జిల్లాలో జమ్మికుంట చుట్టుపట్ల పల్లెలలో, వేసవినాడు ఎండ ముదరకమునుపే తట్టయు పారయు పట్టి బయలుదేరిన కూలివారు ‘కరువు పనికి పోతున్నం’ అనియే చెప్పుచు వచ్చిరి. శాసనకర్తలు విడిచిన మాటను జనవ్యవహారము విడువలేదు. ఆ మాట వెనుకనున్న సుమారు నూటయేబది యేండ్ల చరిత్రను, ఆ పని 2022లో గ్రామ క్రీడాప్రాంగణముల నిర్మాణమువరకు వచ్చిన క్రమమును, అందుండి తేలుచున్న యొక సమస్యను ఈ వ్యాసమున పరిశీలింప దలచితిమి.

సహాయపనులను గూర్చి వ్రాసినవారు తరచుగా రెండు లెక్కలు చూపుదురు. ఎంతమందికి ఎన్ని దినములు కూలి దొరకినదనునది మొదటిది. ఎంత మన్ను త్రవ్వబడినది, ఎంత కట్ట పోయబడినదనునది రెండవది. ఈ రెండును ముఖ్యములే. కాని చరిత్రకారుడు అడుగవలసిన ప్రశ్న మరియొకటి కలదు: కూలి డబ్బులు ఖర్చయిపోయిన పిమ్మట నేలమీద మిగిలినదానిని అనుభవించినవారెవరు? చెరువు విషయమునను కాలువ విషయమునను ఈ ప్రశ్న మరుగుపడుట సులభము. నీరు పారినచో ఎవరి పొలమునకు పారినదని విచారింపకయే సంతోషింపవచ్చును. క్రీడాస్థలమున అట్లు మరుగుపడదు. ఆడుకొను పిల్లలు లేని ఆటస్థలము దారిన పోవువారికే తెలిసిపోవును. కావుననే సహాయపనుల విలువ కట్టుటకు ఇది చిన్నదైనను మంచి గీటురాయి యని మా అభిప్రాయము.

తెలుగు దేశమున కరవునకు ప్రభుత్వము చేసిన ప్రతిక్రియలో మూడు దశలు కానవచ్చును. 1832-33లో గుంటూరు ప్రాంతమును పీడించిన క్షామము నందన నామ సంవత్సరమున వచ్చినందున నందన కరవని పేరొందినది. ఆ జిల్లాలోని సుమారు 5 లక్షల జనులలో 2 లక్షలవరకు నశించిరని అంచనా. పని చూపి ప్రాణము నిలుపుటకు నాడు క్రమబద్ధమైన నియమావళి యేదియు లేదు. గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తియగుటకు, క్షామములచే క్షీణించిన డెల్టా ప్రాంతపు దుస్థితి ఒక ముఖ్యకారణము. అనగా ఈ మొదటి దశలో కరవు వేరు, నిర్మాణము వేరు. ముందుగా జనము చనిపోయిరి. ఆ తరువాత కట్టడము వచ్చినది.

రెండవ దశ 1876-78 నాటి మహాక్షామముతో ఆరంభమైనది. ధాత సంవత్సరమున మొదలగుటచే తెలుగువారు దీనిని ధాత కరవనిరి. ఈమారు మద్రాసు ప్రభుత్వము కరవుపీడితులను పెద్దయెత్తున మట్టిపనులకు పెట్టినది. కాని కూలి యెంత యనునది వివాదాస్పదమైనది. 1877 జనవరిలో ప్రత్యేకాధికారిగా వచ్చిన సర్ రిచర్డు టెంపుల్, వయసు వచ్చిన మగకూలికి దినమునకు ఒక పౌను ధాన్యమును ఒక అణాయు చాలునని నిర్ణయించెను. మద్రాసు ఆరోగ్యశాఖాధికారి యగు డాక్టరు కార్నిష్, దినమంతయు మట్టి మోయువానికి పౌనున్నర ధాన్యమును, దానితోపాటు పప్పు, కూరలును లేకున్న దేహము నిలువదని వాదించెను. 1877 మార్చిలో మద్రాసు ప్రభుత్వము ఆ కూలిని కొంత పెంచినది. ఆ వివాదమంతయు కూలివాని దేహమును గూర్చియే జరిగినది. ఆతడు త్రవ్వుచున్నది యేమి, అది ఎవరికొరకు అనునది ఆ వివాదమున ప్రధానముగా రాలేదు.

ఆ కరవు మిగిల్చిన కట్టడములలో ప్రసిద్ధమైనది బకింగుహాము కాలువ. మద్రాసు నగరమున అడయారు, కూవము నదులను కలుపు సుమారు 8 కిలోమీటర్ల భాగము 1877-78లో కరవుకూలీలచేత త్రవ్వబడినది. నాటి గవర్నరు బకింగుహాము ప్రభువు పేర 1878లో ఆ పేరు స్థిరపడినది. ఉత్తరమున పెదగంజాము కడ కృష్ణా డెల్టా కాలువలతో కలియు ఈ జలమార్గము చాలకాలము పడవ వ్యాపారమునకు తోడ్పడినది. మేము పైన చెప్పిన మూడవ ప్రశ్న నిచట వేసినచో సమాధానము స్పష్టము. త్రవ్వినవాడు కూలి తిని ఊరు చేరెను. కాలువ ఫలము పడవలకును సరుకులకును దక్కెను.

ఈ క్షామానుభవముపై సర్ రిచర్డు స్ట్రాచీ అధ్యక్షతన ఏర్పడిన క్షామ విచారణ సంఘము 1880లో నివేదిక సమర్పించినది. దాని ననుసరించి 1883లో క్షామ నియమావళి నమూనా సిద్ధమైనది. శక్తిగలవానికి పని చూపవలెను, ఆరోగ్యము నిలుచునంత మాత్రమే కూలి యీయవలెను, వానలు కురిసి వ్యవసాయము సాగగానే జనమును పొలములకు పంపి పనులు ముగింపవలెను: ఈ మూడును ఆ విధానమునకు మూలసూత్రములు. శాశ్వత ప్రయోజనముగల పనులు కావలెనని నియమావళి కోరినమాట నిజమే. కాని దాని గడియారము తొలకరితో ఆగిపోవును. ఈ గడియారము తరువాతి నూరేండ్లలో ఎన్ని పథకములు మారినను చాలవరకు మారలేదని మున్ముందు చూపుదుము.

ఇవి బ్రిటిషు ఇండియా సంగతులు. జమ్మికుంట నాడు నిజాము రాజ్యమున నుండినది. ఇరువదవ శతాబ్ది ఆరంభమున అది కరీంనగరము జిల్లాలో ఒక తాలూకా. ఈ ప్రాంతపు శ్రమచరిత్రను తెలిసికొనుటకు కరవుతోపాటు వెట్టిని కూడ చెప్పక తప్పదు. చెరువుకట్టకు మన్ను పోయుట, అధికారి వచ్చినపుడు బరువు మోయుట, దొర గడిలో చాకిరి చేయుట మొదలగునవి కులముల వారీగా, కూలి లేకయే జరిగిన పనులు. పని ఉండెను, కూలి లేదు. శ్రమ ఉండెను, లెక్కలో పేరు లేదు. ఈ స్థితి నిజాము పాలనతోనే తీరిపోలేదు. కట్టుబానిసత్వమును నిషేధించు చట్టము 1976లో దేశమంతటికి వచ్చినది. ఆ తరువాత కూడ కరీంనగరము జిల్లాలో వెట్టికి వ్యతిరేకముగా రైతుకూలీలు ఉద్యమింపవలసివచ్చినది. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో జరిగిన పెద్ద ఊరేగింపు, అదే సంవత్సరము అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించుట చరిత్రప్రసిద్ధములు.

ఈ నేపథ్యము లేక, హాజరుపట్టికలో పేరు వ్రాయించుకొని కూలి పొందుట ఈ ప్రాంతమున ఎంత పెద్ద మార్పో బోధపడదు. తాత వెట్టిగా మోసిన మట్టిని మనుమరాలు కూలికి మోసినది. తట్ట అదియే, చెరువు కూడ అదియే కావచ్చును. మారినది హక్కు. కాబట్టి ‘కరువు పని’ యను మాట వినుటకు దైన్యముగా తోచినను, అందు వెట్టి కానిది, లెక్కకు వచ్చినది అను అర్థము కూడ ఇమిడియున్నదని మేము గ్రహించుచున్నాము.

సంస్థానపు రాజధానిలో మరియొక విధమైన ఉదాహరణము కలదు. 1908 సెప్టెంబరు 28న మూసీనది వరద హైదరాబాదును ముంచి వేలకొలది జనులను పొట్టనబెట్టుకొన్నది. మరుసటి సంవత్సరము మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి వరదలను అరికట్టు మార్గములను సూచించిరి. ఆ సూచనల ఫలముగా ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ ఇరుకు వాడలను తొలగించి వీధులు వెడల్పు చేసి, బహిరంగ స్థలములను ఏర్పరచినది. ఒక విపత్తు వెంట వచ్చిన ప్రజాపనులు నగరమునకు ఊపిరి పీల్చుకొను తావును కల్పించుట ఇచట కాననగును. అయితే ఇది నిపుణుల ప్రణాళికనుండి పుట్టినది. పని లేనివానికి పని చూపుట దీని ముఖ్యోద్దేశము కాదు.

ఈ రెండు ఉద్దేశములును, అనగా పని చూపుటయు నగరమున ఆడుకొను తావు కల్పించుటయు, పెద్దయెత్తున ఒక్కచో కలిసిన ఉదాహరణమునకై మనము అమెరికా వైపు చూడవలసియున్నది. 1929 నాటి ఆర్థిక సంక్షోభము వలన అచట లక్షలకొలది జనులు పనులు కోల్పోయిరి. 1935లో రూజ్‌వెల్టు ప్రభుత్వము నెలకొల్పిన ప్రజాపనుల సంస్థ 1943లో మూతపడునాటికి సుమారు 85 లక్షల మందికి పని చూపినది. రోడ్లు, వంతెనలు, పాఠశాలలతోపాటు వేలకొలది ఆటస్థలములను ఆ కూలీలు నిర్మించిరి, బాగుచేసిరి. న్యూయార్కు నగరమున 1934లో ఉద్యానవనముల అధికారియైన రాబర్ట్ మోజెస్ ఈ సహాయకూలీల బలముతోనే నగరపు ఆటస్థలముల సంఖ్యను పెక్కురెట్లు పెంచెను.

ఆ అమెరికా అనుభవమునుండి మనము రెండు విషయములు గ్రహింపవచ్చును. మొదటిది స్థలనిర్ణయము. మోజెస్ జీవితమును గూర్చి 1974లో పెద్ద గ్రంథము ప్రకటించిన రాబర్ట్ కారో, ఆ దశాబ్దమున కట్టిన 255 ఆటస్థలములలో నల్లజాతివారి హార్లెము వాడకు దక్కినది ఒక్కటియే యని ఆరోపించెను. ఈ లెక్కను తరువాతివారు కొందరు ప్రశ్నించిరి. కాని ఎక్కడ కట్టితిరను ప్రశ్న ఎన్ని కట్టితిరను ప్రశ్నకంటె తక్కువది కాదని ఆ వివాదమువలన స్థిరపడినది. రెండవది మరింత ముఖ్యము. ఆ సంస్థ ఆటస్థలము కట్టినవారికే గాక, అందు పిల్లలను చేర్చి ఆడించువారికి కూడ సహాయపని క్రిందనే వేతనమిచ్చినది. మట్టిని చదును చేయుట ఎంత పనియో, ఆ చదునును సజీవముగా నిలుపుట కూడ అంత పనియే యని ఒప్పుకొన్నదన్నమాట.

మన దేశమున సహాయము హక్కుగా మారుట మూడవ దశ. 1972-73 కరవులో మహారాష్ట్రము పెద్దయెత్తున పనులు పెట్టినది, వి. ఎస్. పాగే రూపకల్పన చేసిన ఉపాధిహామీ పథకమునకు 1977లో శాసనరూపము లభించినది. ఆ కరవున మిక్కిలి బాధపడిన మరాఠ్వాడా 1956 వరకు మన హైదరాబాదు రాష్ట్రములోని భాగమే. ఈ అనుభవమే 2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధిహామీ చట్టమునకు బాట వేసినది. ఆ పథకము 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైనది. మొదటి విడతలో దేశమున 200 జిల్లాలకు వర్తింపగా, అందు ఉమ్మడి ఆంధ్రప్రదేశమునుండి 13 జిల్లాలు చేరినవి. కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలు రెండును వానిలోనివే.

ఆ చట్టపు నిర్మాణమును కొంత వివరించుట అవసరము. క్రీడాస్థలముల కష్టసుఖములు దానిపైననే ఆధారపడినవి. కుటుంబమునకు యేటికి 100 దినముల పని. అడిగిన 15 దినములలో పని చూపనిచో నిరుద్యోగ భృతి. పని 5 కిలోమీటర్లకు మించిన దూరమున నున్నచో పదవవంతు అదనపు కూలి. పనివారిలో కనీసము మూడవవంతు స్త్రీలు. కంట్రాక్టరులకు తావు లేదు. కూలివారి పనిని తొలగించు యంత్రములకును తావు లేదు. మొత్తము వ్యయమున కూలి భాగము నూటికి 60కి తగ్గరాదు. సామగ్రి భాగము 40కి మించరాదు. చెరువు పూడిక తీయుట, కాలువ బాగుచేయుట, మట్టికట్ట వేయుట వంటి పనులకు ఈ నిష్పత్తి చక్కగా సరిపోయినది. వానియందు సామగ్రితో పని తక్కువ. 2014 జనవరిలో సవరించిన పనుల పట్టికలో గ్రామీణ సౌకర్యముల తరగతి క్రింద ఆటస్థలముల నిర్మాణమునకు కూడ చోటు లభించినది.

తెలంగాణ రాష్ట్రమున 2019 సెప్టెంబరు 6న పల్లెప్రగతి కార్యక్రమము మొదలైనది. ఉపాధిహామీ నిధులను కలుపుకొని గ్రామములలో నారుమళ్లు, శ్మశానవాటికలు మొదలగునవి ఏర్పడినవి. 2022లో రాష్ట్రావతరణ దినమగు జూన్ 2న తెలంగాణ క్రీడాప్రాంగణముల ప్రారంభము జరిగినది. పల్లె పల్లెకు ఒక ఆటస్థలము, అందు వాలీబాలు, కబడ్డీ, ఖోఖో ఆటలకు గీసిన బరులు, దూరపు దూకుడునకు ఇసుకగుంట, వ్యాయామమునకు ఇనుపకమ్ములు, చుట్టును చెట్లు: ఇది దాని స్వరూపము. ఉపాధిహామీ కూలీలు నేల చదును చేసిరి. జమ్మికుంట మండలమునందలి వావిలాల, తనుగుల, విలాసాగరు వంటి పల్లెలకు కూడ వర్తించిన విధానమిదియే.

చరిత్రదృష్టిలో ఇది చిన్న సంగతి కాదు. సహాయపని యనగా కూలివాడు ఇతరుల పొలమునకు నీరు, ఇతరుల బండికి బాట, ఇతరుల సరుకునకు కాలువ కల్పించుటగా ఎంతో కాలము నడచినది. భూమి లేనివాడు చెరువు పూడిక తీసినచో కూలి ఆతనిది, పంట ఆయకట్టుదారునిది. ఆటస్థలమున కట్ట తెగదు, పట్టా రాదు, ఆయకట్టు లేదు. దాని ఫలమును పొందుటకు భూమి యుండనక్కరలేదు. పదేండ్ల వయసుండిన చాలును. కూలివాని బిడ్డయు ఆసామి బిడ్డయు ఒకే గీత కిరుప్రక్కల నిలిచి కబడ్డీ ఆడగల తావిది. తల్లి చదును చేసిన నేలపై ఆమె బిడ్డయే పరుగెత్తు అవకాశము కరవుపనుల చరిత్రలో ఎన్నడో గాని కలుగలేదు.

అవకాశము వేరు, అనుభవము వేరు. పెక్కు గ్రామములలో క్రీడాప్రాంగణము పేరుపలక మాత్రమే నిలిచినదనియు, లోపల ముండ్లకంపలు మొలచినవనియు రాష్ట్రమంతటినుండి పత్రికలలో వార్తలు వచ్చినవి. దీనికి అధికారుల అలసత్వమే కారణమని చెప్పి ఊరకుండుట సులభము. మా దృష్టిలో కారణము మరికొంత లోతున నున్నది. చెరువు కొరకు పుట్టిన పద్ధతిని ఆటస్థలమునకు మార్పు లేక అన్వయించుటయే ఆ కారణము.

ఎట్లన, మొదటిది ఋతువు. ఉపాధిపని ముమ్మరముగా సాగునది వేసవిలో. చెరువు ఎండియుండుటచే పూడికకు అది తగిన కాలము. ఆటస్థలమునకు అట్లు కాదు. వేసవిలో చదును చేసిన నేల తొలకరికి క్రుంగును, వాననీరు గుంటలలో నిలుచును, సర్కారు తుమ్మయు వయ్యారిభామయు మొలచును. నేల మరల సరిచేయవలసిన కాలమునకు కూలీలు నాట్లలోను కలుపులలోను నుందురు. 1883 నాటి గడియారము తొలకరితో ఆగిపోయినదంటిమి. ఆటస్థలమునకు అసలు పని మొదలగునదే తొలకరితో. రెండవది నిష్పత్తి. నేల చదును చేయుటలో కూలి భాగము కొలది దినములలో ముగియును. ఆ పిమ్మట కావలసినవి మొరము, దానిని తోలు బండ్లు, నేలను అణచు రోలరు, ఇసుక, స్తంభములు, వల. ఇవన్నియు సామగ్రి లెక్కలోనివి. నల్లరేగడి నేలయైనచో మొరము పొర లేనిదే వానకాలమున కాలు పెట్టుటకే వీలుపడదు. కూలికి అధిక భాగమును కేటాయించిన చట్టము పేదవానికి మేలు చేసినమాట వాస్తవమే. కాని ఒక్కొక్క పనికి తగిన సామగ్రి వేరొక పద్దునుండి చేరనిచో మిగులునది చదునైన నేలయు, పేరుపలకయు మాత్రమే.

మూడవది స్థలము. ఊరి నడుమ ప్రభుత్వభూమి దొరకుట అరుదు. మిగిలినవి చెరువు శిఖము భూములు, ఊరికి దూరమున నున్న బంచరాయి, గుట్టల పాదములు. అట్టి తావున ఏర్పరచిన ఆటస్థలమునకు చిన్నపిల్లలు ఒంటరిగా పోలేరు. ఆడపిల్లల సంగతి చెప్పనక్కరలేదు. ఇచట ఒక వైపరీత్యమును గమనింపవలెను. తెలంగాణమున ఉపాధిపని దినములలో సగమునకు పైగా స్త్రీలవే. అనగా ఈ ఆటస్థలములను చదును చేసిన చేతులలో ఎక్కువభాగము స్త్రీల చేతులు. వారి కుమార్తెలకు మాత్రము అక్కడికి పోవుటకు వెలుతురు లేదు, తోడు లేదు, నీరు లేదు. హార్లెమును గూర్చి కారో అడిగిన ప్రశ్నను మన ఊళ్లలో ఈ రూపమున అడుగవలసియున్నది.

ఇక జమ్మికుంట పట్టణమునకు వత్తము. 1929లో పూర్తియైన కాజీపేట–బల్లార్షా రైలుమార్గమున నుండుటచే ఈ ఊరు వ్యాపారకేంద్రముగా ఎదిగినది. ఇచటి పత్తిమార్కెట్టు ఉత్తర తెలంగాణమున పేరు పొందినది. మార్కెట్టు హమాలీలు, జిన్నింగు మిల్లుల కూలీలు, ఇండ్లు కట్టువారు ఈ పట్టణపు శ్రామికజనము. గ్రామపంచాయతీగా నుండిన ఈ ఊరు క్రమముగా పురపాలకసంఘమైనది. ఇది అభివృద్ధియే. కాని ఉపాధిహామీ చట్టము గ్రామీణ ప్రాంతములకే పరిమితము. ఊరు పురపాలకమైన దినముననే ఆ ఊరి కూలివానికి ఆ హక్కు తొలగిపోయినది. ఆతని వృత్తి మారలేదు, ఇల్లు మారలేదు; సరిహద్దు గీత మాత్రము ఆతని ఇంటిని దాటి ముందునకు జరిగినది. పత్తి రాబడి చలికాలము దాటిన పిమ్మట తగ్గును; మిల్లుల పని తగ్గును. ఆ వేసవి పట్టణపు కూలివానికిని కరవుకాలమే. కాని ఆతనికి ‘కరువు పని’ లేదు.

పట్టణములకు ఇట్టి పని ఎన్నడును లేకుండలేదు. 1989లో వచ్చిన నెహ్రూ రోజ్‌గార్ యోజనలో పట్టణ కూలిపని యొక భాగము. 1997 డిసెంబరులో దాని స్థానమున వచ్చిన స్వర్ణజయంతి షహరీ రోజ్‌గార్ యోజన 5 లక్షలకు లోబడిన జనసంఖ్యగల పట్టణములలో ప్రజోపయోగ నిర్మాణములకు కూలిపని చూపినది. గ్రామీణ చట్టమునకు భిన్నముగా దీనియందు సామగ్రి భాగము 60, కూలి భాగము 40. ఆటస్థలమునకు సరిగా అమరునది ఈ నిష్పత్తియే. కాని 2013లో ఆ పథకమునకు బదులుగా వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధి కార్యక్రమమున కూలిపని విభాగము లేదు. శిక్షణ, అప్పులు, స్వయం ఉపాధి దానికి ముఖ్యములు. 2020 ఫిబ్రవరి 24న తెలంగాణమున మొదలైన పట్టణప్రగతి పురపాలకములకు నిధులిచ్చినది. పని కోరు హక్కును ఈయలేదు. కేరళము 2010లోను, రాజస్థానము 2022లోను పట్టణ ఉపాధిహామీని తమంతట తాము ప్రారంభించినవి. కావున ఇది అసాధ్యమని చెప్పుటకు వీలులేదు.

2025 డిసెంబరులో పార్లమెంటు 2005 నాటి చట్టమునకు బదులుగా క్రొత్త చట్టమును ఆమోదించినది. పనిదినములు 125కు పెరిగినవి. వ్యవసాయపు పనులు ముమ్మరముగా నున్న కాలమున యేటికి 60 దినములవరకు పనులు నిలుపుటకు అందు అవకాశము కల్పింపబడినది. క్షామ నియమావళి నాటి పాత గడియారము ఇచట మరల వినబడుచున్నది. ఈ చట్టమును గ్రామీణమే. జమ్మికుంట వంటి పట్టణపు గీత ఎక్కడిది అక్కడనే యున్నది.

ఈ పరిశీలనవలన మేము సూచింపదలచినవి మూడు. మొదటిది, ఆటస్థలమును ఒక్కసారి కట్టి ముగించు పనిగా గాక, చెరువుకు నీరటికాడు వలె, యేటేట సంరక్షణ కావలసిన పనిగా పట్టికలో వ్రాయవలెను. ఒకరిద్దరు కూలీలకు ఏడాది పొడుగున ఆ బాధ్యత నప్పగించి కూలి యిచ్చినచో ముండ్లు మొలవవు. పిల్లలను ఆడించువారికి కూడ సహాయపని క్రింద వేతనమిచ్చుట లోకమున ఇదివరకే జరిగినదని పైన చూపితిమి. రెండవది, స్థలనిర్ణయమున బడి దగ్గరి భూమికిని, ఆడపిల్లలు నిర్భయముగా నడచిపోగల దూరమునకును మొదటి స్థానమీయవలెను. మూడవది, చిన్న పురపాలకములకు వేసవి కూలిపనిని తిరిగి కల్పించి, సామగ్రి భాగము ఎక్కువగానుండు పాత పట్టణ నిష్పత్తిని ఆటస్థలములకైనను వర్తింపజేయవలెను. జమ్మికుంట హమాలీ తన వాడలోని ఆటస్థలమును తానే బాగుచేసి కూలి పొందగలిగిననాడు, పనిని పోగొట్టిన సరిహద్దు గీతకు కొంత ప్రాయశ్చిత్తము జరుగును.

చరిత్ర విద్యార్థులకు మరియొక విన్నపము. టెంపుల్ కూలిని గూర్చి, కార్నిష్ వాదమును గూర్చి మనము నేడు వ్రాయగలుగుచున్నామన్నచో అది నాటి కాగితములు నిలిచినందువలననే. కాని నాడు మన్ను మోసినవారి పేర్లు మనకు చాలవరకు దక్కలేదు. 2006 తరువాతి ఉపాధిపనులలో హాజరుపట్టికలు, కొలతపుస్తకములు ఊరూరను పుట్టినవి. ఎవరు ఏ దినమున ఏ తావున పనిచేసిరో వానిలో కలదు. వెట్టిచేసిన తరమువారు కొందరు ఇంకను మనమధ్య నున్నారు. ఆ పట్టికలను భద్రపరచి, ఆ వృద్ధుల మాటలను వారి మాండలికముననే వ్రాసికొని, కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల శ్రమచరిత్రకు ఆధారములుగా సమకూర్చు పనిని మన శాఖలలోని పరిశోధకులు ఆలస్యము లేక చేపట్టవలెను. క్రీడాప్రాంగణముల పేరుపలకలపై పథకము పేరు కలదు. ఆ నేలను చదును చేసిన స్త్రీల పేర్లు హాజరుపట్టికలలో మాత్రమే యున్నవి.